ఎఫ్‌ఐఆర్‌లో కడుపునొప్పి

ఫోన్ వచ్చింది 2021 డిసెంబరు 16, గురువారం, తెల్లవారుజామున ఐదింటికి. ఆ వేళప్పుడు నాకు ఫోన్ వచ్చిందంటే సంగతి ఏమిటో ఎత్తకముందే తెలుస్తుంది. అవతల పక్క మండలంలోని అంగన్‌వాడీ టీచరు. "అక్కా, మా ఊళ్లో కౌలు చేసే పిల్లోడు పోయాడు. మొన్న సాయంత్రం పురుగుల మందు తాగాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నారంతా. నువ్వు రావాల."

నేను అడిగిన మొదటి మాట, "పంచనామా అయిందా?"

ఎవరు, ఎంత వయసు, పిల్లలెంతమంది అని అడగాలి మనిషన్నాక. నేను పంచనామా గురించి అడిగాను. తర్వాత బస్సులో కూర్చుని సిగ్గుపడ్డాను. కానీ మళ్లీ అలాంటి ఫోన్ వస్తే మళ్లీ అదే అడుగుతాను. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను పల్నాడులో ఓ పల్లెటూళ్లో మిషను కుట్టుకుంటాను. 2004 అక్టోబరులో మా ఆయన పోయాడు, పత్తి అప్పులు. ఆ జూన్‌లోనే జీవో 421 వచ్చింది, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి ప్రభుత్వం లక్షన్నర ఇస్తుందన్నారు. మాకు రాలేదు. ఎఫ్‌ఐఆర్‌లో "తాగుడుకు బానిసై, జీవితంపై విరక్తి చెంది" అని ఉంది. మా ఆయన సంక్రాంతికీ తిరునాళ్లకీ తాగేవాడు. ఆ ఒక్క వాక్యం ఎవరు చెప్పారో, ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలీదు. నేనప్పుడు వంటింట్లో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. ఆ తర్వాతే ఈ కాగితాలు చదవడం నేర్చుకున్నాను. ఇప్పటిదాకా 23 మంది ఆడవాళ్ల వెంట తిరిగాను, పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. డబ్బు చేతికొచ్చింది పది మందికి. పదో అమ్మాయి కథ ఇది. పేరు రాయను, చెల్లి అంటాను. తనకు చదివి వినిపించి, సరే అన్నాకే రాస్తున్నాను.

గుంటూరు చేరేసరికి తొమ్మిదిన్నర. మార్చురీ బయట చెట్టు కింద చెల్లి కూర్చుని ఉంది. 29 ఏళ్లు. పక్కన అత్త, మరిది, ఊళ్లో వాళ్లు నలుగురు. పిల్లలిద్దర్నీ, తొమ్మిదేళ్ల పాపనీ ఆరేళ్ల బాబునీ, ఊళ్లోనే వదిలొచ్చారట. మొన్న రాత్రి ముందు నరసరావుపేటలో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. యాభై వేలు కట్టించుకుని, ఒక రోజు ఉంచుకుని, గుంటూరు తీసుకుపొమ్మన్నారు. ఆ యాభై వేలు మరిది ఊళ్లో చేబదులు తెచ్చాడు. చనిపోయింది గురువారం మూడింటికి.

మరిదిని పక్కకు పిలిచి, ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టులో ఏం చెప్పావని అడిగాను. వాడికి ఇరవై నాలుగేళ్లుంటాయి. చెప్పులు కూడా లేవు కాళ్లకి. "కడుపునొప్పి తట్టుకోలేక తాగాడని చెప్పా అక్కా" అన్నాడు.

ఎందుకట్లా చెప్పావంటే, ఊరి నుంచి వెంట వచ్చిన ఓ పెద్దమనిషి చెప్పమన్నాడు. అప్పులని చెబితే అప్పులిచ్చినోళ్ల మీద కేసవుతుంది, వాళ్లు మీ ఇంటి మీద పడతారు, కడుపునొప్పి అంటే శవాన్ని తొందరగా ఇచ్చేస్తారు అన్నాడట. ఆ పెద్దమనిషి అక్కడే బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. ఆయన చెడ్డవాడని నేననుకోను. మా ప్రాంతంలో చాలామంది అలాగే అనుకుంటారు. అసలు కడుపునొప్పి అనే మాట ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లలో చూశానంటే, పల్నాడు మగవాళ్లందరికీ కడుపులో ఏదో పెద్ద జబ్బు ఉందనుకోవాలి.

ఎఫ్‌ఐఆర్ కట్టాక దాన్ని దిద్దరు. కానీ శవ పంచనామా వేరే కాగితం. అందులో పంచాయతీదార్ల, అంటే సాక్షులుగా కూర్చున్న పెద్దల, అభిప్రాయం రాస్తారు, భార్య వాంగ్మూలం వేరుగా తీసుకుంటారు. అది ఇంకా అవలేదు. వాళ్ల స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబులు పదకొండింటికి వచ్చాడు. నేను చెప్పింది విని, "ఎఫ్‌ఐఆర్‌లో ఒకటి, ఇందులో ఒకటి ఎట్టా రాస్తామమ్మా, పై అధికారి నన్ను అడగడా" అన్నాడు. నేను గొంతు పెంచలేదు. అక్కడ అరిస్తే మన పని చెడుతుంది. "మీరేమీ రాయొద్దు సార్, ఆ అమ్మాయి ఏం చెబితే అది రాయండి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "చెప్పమను మరి" అన్నాడు.

చెల్లి చెప్పలేదు. నోరు తెరవలేదు. మొగుడు పోయి ఎనిమిది గంటలు. ముందురోజు నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నేను పక్కన కూర్చుని, నా సంచిలో ఎప్పుడూ ఉండే గ్లూకోజు బిస్కెట్లు నీళ్లలో ముంచి రెండు తినిపించాను. "కౌలు ఎన్నెకరాలు చెల్లే?" అన్నాను. "మూడు" అంది. "ఎంతకి?" "ముప్పై ఐదు వేలు, ఎకరానికి." ఇంకేమీ అనలేదు. నేను మళ్లీ అడిగాను. అప్పు నోట్లు ఎవరెవరికి రాశారు, పురుగుమందుల కొట్లో ఎంత ఉంది, బంగారం ఎక్కడుంది. ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మూడు నోట్లు కలిపి నాలుగున్నర లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. మందుల కొట్లో లక్షా తొంభై వేలు. బ్యాంకులో బంగారం మీద లక్షా ఇరవై. డ్వాక్రాలో తన పేరున అరవై వేలు. హెడ్డు రాసుకుంటున్నాడు. మధ్యలో అత్త పెద్దగా ఏడుస్తూ, "శవం లోపలుంటే లెక్కలేంటే" అని నా మీదికి వచ్చింది. ఆమె మాటలో తప్పులేదు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. చెల్లి మాత్రం ఆపకుండా చెబుతూనే ఉంది, ఎవరో తనకు లోపల్నుంచి అందిస్తున్నట్టు.

ఆ రోజు నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ అరగంట లేకపోతే ఆ తర్వాతి పద్నాలుగు నెలలు తిరగడానికి ఫైలే ఉండేది కాదు. అయినా సరే.

శవాన్ని సాయంత్రం నాలుగింటికి ఇచ్చారు.

ఇక ఊళ్లో పదకొండు రోజులు. భార్య గడప దాటకూడదు. కానీ కాగితాలన్నీ పోయేది సరిగ్గా ఆ పదకొండు రోజుల్లోనే. ఎట్లాగంటే, పెద్దకర్మనాటికి చనిపోయినాయన బట్టలన్నీ మూటగట్టి ఇచ్చేస్తారు. రైతు చొక్కా జేబుల్లో ఏముంటాయి? మందుల కొట్టు బిల్లులు. ఈ ముక్క నాకు మూడో కేసులోనో నాలుగో కేసులోనో తెలిసింది, బట్టలు పోయాక. ఈసారి మూడో రోజే వెళ్లి మరిదిని కూర్చోబెట్టి అన్ని జేబులూ వెతికించాను. తొమ్మిది బిల్లులు దొరికాయి. రెండు చెమటకి చెరిగిపోయాయి. దూలం సందులో దోపిన కవర్లో అంతకుముందు ఏడాది గుంటూరు మిర్చి యార్డులో కాయలు అమ్మిన తక్‌పట్టీలు, అంటే అమ్మకం చీటీలు, రెండు దొరికాయి, ఆయన పేరుతో. అవి ఎంత పనికొచ్చాయో ముందుముందు చెబుతాను.

పెద్దకర్మ డిసెంబరు 26, ఆదివారం. భోజనాలు అవుతుండగానే నోట్ల వాళ్లలో ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. భోజనం చేయలేదు. ఏమీ అనలేదు. ఊరికే కూర్చుని వెళ్లాడు.

మరణ ధ్రువపత్రం గురించి ఒక మాట. ఊళ్లో పంచాయతీలో ఇస్తారనుకుని వారం పోగొట్టుకున్నారు. మనిషి ఎక్కడ చనిపోతే అక్కడే నమోదు, కాబట్టి గుంటూరు కార్పొరేషన్‌లో తీసుకోవాలి. 21 రోజుల్లోపు నమోదైతే రుసుము ఉండదు. ఆసుపత్రి వాళ్లే పంపుతారు, కానీ వాళ్లు రాసుకునేది ఆ రాత్రి వెంట ఉన్నవాళ్లు కంగారులో చెప్పిన పేరు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆధార్‌లో ఒకటి, ఇందులో ఒకటి. ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి మూడుసార్లు గుంటూరు, 38 రోజులు, నోటరీ అఫిడవిట్టు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే ఆధార్ కార్డు చూసి రాయించండి. ఆ క్షణంలో ఎవరికీ ఆ స్పృహ ఉండదని తెలుసు. అయినా వెంట వెళ్లే నలుగురిలో ఒకరికైనా ఉండాలి.

2022 జనవరి 10, సోమవారం, తహశీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. అప్పటికి జీవో 102 ప్రకారం 7 లక్షలు. అక్కడి గుమాస్తా మొదట అడిగింది, "సీసీఆర్‌సీ కార్డు ఉందా?" కౌలుదారుకిచ్చే పంట సాగుదారు హక్కు పత్రం అది. 2019 చట్టంతో వచ్చింది, పదకొండు నెలలకి ఇస్తారు. భూమి యజమాని సంతకం పెడితేనే వస్తుంది. యజమాని సంతకం పెట్టడు, కౌలుదారు రేపు భూమి నాదంటాడని భయం. కాబట్టి కార్డు లేదు. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఎక్కించుకునే ఈ-క్రాప్‌లో చూస్తే ఆ మూడెకరాల మిరప యజమాని పేరు మీదే ఎక్కి ఉంది. ఆయన హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలో ఉంటాడు. అంటే కాగితాల లెక్కన పంట వేసింది కూకట్‌పల్లిలో ఉన్నాయన, మందు తాగి చచ్చింది మాత్రం ఏ సంబంధమూ లేనాయన, కడుపునొప్పితో.

యజమానికి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "పాపం మంచి పిల్లోడండీ. ఈ ఏడు మిగిలిన కౌలు నేను అడగను. సంతకం మాత్రం అడక్కండి." మిగిలిన కౌలు వదిలేయడం చిన్న సంగతి కాదు, యాభై వేల పైమాట. చేతిలో డబ్బు వదులుకున్న మనిషి కాగితం మీద ఒక గీత గీయలేకపోయాడు.

సంతకం లేకపోతే ఇంకో దారి వెతకాలి. కార్డు లేకపోయినా విచారణలో కౌలు చేసినట్టు తేలితే పనవుతుందని అంతకుముందు రెండు కేసుల్లో చూశాను. గట్టు పక్క రైతులు నలుగురి దగ్గర, ఫలానా సర్వే నంబరులో మూడేళ్లుగా ఇతనే సాగు చేస్తున్నాడని రాయించుకున్నాం. నలుగుర్ని ఒప్పించడానికి తొమ్మిది మంది ఇళ్లకు వెళ్లాం. రైతు భరోసా కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు, చిన్నపిల్ల, ఉద్యోగం వచ్చి రెండేళ్లు కాలేదు, "నేను తోట చూడ్డానికి వచ్చినప్పుడు ఈయనే ఉన్నాడు" అని తన నివేదికలో రాసింది. ఆ తక్‌పట్టీలు ఇక్కడే పనికొచ్చాయి. భూమి లేని మనిషి ముప్పై బస్తాల కాయలు యార్డుకి తోలాడంటే ఎక్కడో పండించినట్టే కదా.

అప్పులకి రుజువులు ఇంకో తంటా. నోటు అసలు కాగితం అప్పిచ్చినాయన దగ్గరుంటుంది. వాళ్లకి వడ్డీ వ్యాపారం లైసెన్సు ఉండదు, అందుకని జిరాక్సు ఇవ్వరు. అరుగు మీద వచ్చి కూర్చున్నాయన దగ్గరికి నేనే వెళ్లాను. "అన్నా, నువ్వు జిరాక్సు ఇవ్వకపోతే ఆ పిల్లకి ప్రభుత్వం డబ్బు రాదు. రాకపోతే నీకూ రాదు" అన్నాను. మర్నాడే తెచ్చిచ్చాడు. మిగతా ఇద్దరిలో ఒకాయన ఇచ్చాడు, ఒకాయన ఇవ్వలేదు. మందుల కొట్టాయన ఖాతా పేజీ ఫొటో తీసుకోనిచ్చాడు గానీ సంతకం పెట్టి ఇమ్మంటే కుదరదన్నాడు.

మరిది చేత నోటరీ దగ్గర అఫిడవిట్టు రాయించాం. భయంతో, ఎవరో చెబితే, కడుపునొప్పి అని చెప్పాను, నిజం అది కాదు అని. అది చదివి వినిపిస్తుంటే వాడు ఏడ్చాడు. వాడి వల్లే వదినకి డబ్బు రావట్లేదని అప్పటికే ఊళ్లో అంటున్నారు.

ఆ తర్వాత ఎదురుచూపులు. జనవరి, ఫిబ్రవరి అంతా ఉద్యోగుల జీతాల సవరణ, అదే పీఆర్‌సీ, గొడవ. ఉద్యోగులు ఫిబ్రవరి 3న చలో విజయవాడకి వెళ్లారు, ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ. మార్చిలో మండల స్థాయి విచారణ, తహశీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి, ఒక పూట ఊళ్లోకి వచ్చి పోయారు. నివేదిక పైకి వెళ్లింది అనుకునేలోపు ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పొద్దున లేచేసరికి మేం గుంటూరు జిల్లా కాదు, పల్నాడు జిల్లా, కలెక్టరు నరసరావుపేటలో. మాకు ఊరు దగ్గరయింది, మంచిదే. ఫైలు మాత్రం ఎక్కడుందో నెలన్నర ఎవరూ చెప్పలేదు. గుంటూరులో అడిగితే మూటలు కట్టి పంపించేశాం అన్నారు, నరసరావుపేటలో అడిగితే మూటలు విప్పుతున్నాం అన్నారు. కలెక్టరు ఆఫీసులో జనం అర్జీలు తీసుకునే స్పందనలో నాలుగు సోమవారాలు అర్జీ పెట్టాం. ప్రతిసారీ ఒక రసీదు. ఆ రసీదులు పారేయకండి, తర్వాత సమాచార హక్కు దరఖాస్తుకి జతచేయొచ్చు.

మే 26, గురువారం, ముగ్గురు సభ్యుల కమిటీ. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు (ఏడీ). ముందురోజు సాయంత్రం ఆరింటికి కబురొచ్చింది, రేపు పదింటికి రమ్మని. సాక్షుల్ని తీసుకురమ్మన్నారు. కూలి పోతుంది కాబట్టి సాక్షులకి మనిషికి 400 చొప్పున మేమే ఇచ్చాం. ఈ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు.

వెళ్లేముందు పక్కింటి పిన్నమ్మ చెల్లిని ఆపి, ఆ ఎర్రచీర కట్టుకోకు, పాత చీర కట్టుకో అంది. ఇంకొకామె, అక్కడ కాస్త ఏడువు అంది. నేనేమీ చెప్పలేదు. ఏడిస్తే మాట రాదు, ఏడవకపోతే అనుమానపడతారు. ఇందులో ఏ సలహా ఇవ్వను?

ప్రశ్నలు ఎప్పుడూ ఉండేవే. తాగేవాడా? మీ ఇద్దరికీ గొడవలున్నాయా? పుట్టింటికి ఎప్పుడన్నా వెళ్లిపోయావా? ఆ ముగ్గురిలో ఒకాయన, "ఎఫ్‌ఐఆర్‌లో కడుపునొప్పి అని ఉందే" అన్నాడు. మరిది అఫిడవిట్టు తీసి చూపించాం. ఆయన చదివాడు గానీ మొహంలో ఏమీ కనబడలేదు. తర్వాత ఏడీ అడిగాడు, "మిరప ఎందుకు పోయింది?"

చెల్లి అప్పటిదాకా తలెత్తలేదు. అప్పుడు ఎత్తింది. "నల్లతామర పురుగు సార్. పూతలోకి దూరింది. పువ్వు విప్పి దులిపితే చేతిలో నల్లగా రాలేవి. ఇరవై రెండు సార్లు మందు కొట్టాం. మొదట వారానికొకసారి, తర్వాత మూడు రోజులకొకసారి. ఆఖరికి ఆయన కొట్టనన్నాడు, నేనే కొడదామన్నా." ఏడీ, "ఇరవై రెండని ఎట్లా తెలుసు?" అన్నాడు. "కాలవ నుంచి నీళ్లు మోసింది నేనే సార్" అంది.

ఆ ఏడాది నల్లతామర మా జిల్లాలో ఎన్ని తోటలు పీకించిందో ఏడీకి వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు, రాసుకున్నాడు. బయటికొచ్చాక చెల్లి నన్ను అడిగింది, "అక్కా, నేనే కొడదామన్నానని చెప్పకుండా ఉండాల్సిందా?" ఎందుకలా అడిగిందో నాకర్థమైంది. ఆ మాట అయిదు నెలలుగా తన లోపల ఉంది. నాకు జవాబు తట్టలేదు. బస్సు వచ్చింది, ఎక్కాం.

కమిటీ అయిపోయింది కాబట్టి వచ్చేస్తుందనుకున్నాం. రాలేదు. "ల్యాబు రిపోర్టు రాలేదు" అన్నారు. పోస్టుమార్టంలో తీసిన భాగాలు పరీక్షకి పంపుతారు, విషం అని తేలితేనే స్టేషన్ నుంచి తుది నివేదిక. జూన్ పోయింది. జూలై 18న ఆర్డీవో ఆఫీసుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి. మండల ఆఫీసుకైతే ఐదు రూపాయలు, ఊళ్లో సచివాలయానికైతే ఏమీ లేదు. ప్రశ్నలు మూడే రాశాను. మా ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఏ కాగితం కోసం ఆగింది. ఎందుకు ఆలస్యమైంది అని అడగకండి, 'ఎందుకు'కి జవాబు రాదు. తేదీలు అడగండి.

27వ రోజు జవాబొచ్చింది. ల్యాబు రిపోర్టు స్టేషన్‌కి జూన్ 3నే చేరింది. అక్కడే ఉంది. ఎవరో ఆపారని కాదు, ఎవరూ పంపలేదు, అంతే. ఆ జవాబు కాగితం పట్టుకుని స్టేషన్‌కి వెళ్తే ఎస్సై కొత్తాయన, మారి రెండు వారాలయిందట. బీరువాలో వెతికించి అదే రోజు పంపించాడు.

ఈలోగా ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి ప్రభుత్వ డబ్బు వితంతు పెన్షను, ఆగస్టు 1న, 2,500. వాలంటీరు ఆరింటికే తలుపు కొట్టి వేలిముద్ర వేయించుకుని ఇచ్చాడు. చెల్లి ఆ డబ్బుతో పిల్లలకి నోటు పుస్తకాలు కొంది. అంతకుముందు ఏడు నెలలు ఎట్లా గడిచాయంటే పత్తి కలుపులు, మిరప కోతలు, రేషను బియ్యం.

నవంబరులో మంజూరైంది. డబ్బు పడింది 2023 ఫిబ్రవరి 21న. ఆయన పోయిన రోజు నుంచి 432 రోజులు. చెల్లి ఫోన్ చేసి, "అక్కా, మెసేజి వచ్చింది, ఏడు పక్కన సున్నాలు లెక్కపెట్టు" అని ఒక్కో అంకె చదివింది. అయిదు సున్నాలు. రెండుసార్లు చదివించుకున్నాను.

మర్నాడు ఏడింటికల్లా అరుగు మీద మనిషి. ఎట్లా తెలిసిందో.

దానికంటే ఇబ్బంది ఇంట్లో వచ్చింది. మామ, "నా కొడుకు ప్రాణం ఖరీదు, నా ఖాతాలో వేయాలి" అన్నాడు. పెద్దమనుషుల్లో కూర్చున్నారు. నేను వెళ్లాను. ఇలాంటి చోట నేను కోడలి పక్షమే మాట్లాడతానని అందరూ అనుకుంటారు. కానీ ఆ అత్తని మార్చురీ బయట చూశాను నేను. కొడుకు ఆస్తిలో తల్లికి భాగం ఉంటుందని చట్టం కూడా చెబుతుంది. ఇది ఆస్తి కాదు, సహాయం, భార్యాపిల్లల పేరున వచ్చింది, నిజమే. అయినా అత్తకి లక్ష ఇమ్మని నేనే అన్నాను, ఆమె ఖాతాలో, మామ ఖాతాలో కాదు. చెల్లి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తర్వాత తనే ఇచ్చింది.

మూడు లక్షలు పిల్లల పేరున డిపాజిట్ చేయించాం, బ్యాంకుకి నేనూ వెళ్లాను. రెండున్నర లక్షలు ఇద్దరు నోట్ల వాళ్లకి. అసలు మాత్రమే, వడ్డీ వదులుకున్నారు, నోట్లు మా ఎదుటే చింపారు. యాభై వేలు మరిది తెచ్చిన ఆసుపత్రి చేబదులుకి. అంతే, ఏడూ అయిపోయింది. మూడో నోటు రెండు లక్షలు, జిరాక్సు ఇవ్వనాయనది, అలాగే ఉంది. మందుల కొట్టు ఖాతా ఉంది. గొలుసు బ్యాంకులోనే ఉంది, వేలం నోటీసు ఒకసారి వచ్చింది, వడ్డీ కట్టి తిరగరాయించారు.

ఖర్చు ఎంతయిందని చాలామంది అడుగుతారు. బస్సులు, ఆటోలు, జిరాక్సులు (ఎప్పుడూ ఐదు సెట్లు తీయించుకోండి, మూడు అంటారు గానీ ఐదు అడుగుతారు), నోటరీలు, సాక్షుల కూలి, అన్నీ కలిపి నా పుస్తకంలో 9,870 ఉంది. అందులో 2,500 "టీ ఖర్చులు". ఎవరికి ఎంతో రాసుకోలేదు, రాసుకుంటే బాధ. ఇవ్వకుండా ఉండాల్సింది అని మీరంటే మీతో వాదించను. చెల్లి కూలి పోయిన రోజులు ఇందులో లేవు. నేను కుట్టకుండా వదిలేసిన జాకెట్లు కూడా లేవు. చెల్లి ఈ డబ్బు తెచ్చి నా మిషను మీద పెట్టింది. సాక్షుల కూలి, నోటరీ డబ్బులు తీసుకున్నాను, తన బస్సు ఛార్జీలు తనకే ఇచ్చేశాను, నావి నేను పెట్టుకున్నాను.

ఈ ఖరీఫ్‌కి చెల్లి ఎకరంన్నర కౌలుకి తీసుకుంది, వేరే యజమాని దగ్గర. మిరప వేయనంది. పత్తి. వద్దన్నాను, వినలేదు. "నాకు వచ్చిన పని ఇదే కదక్కా" అంది. సీసీఆర్‌సీకి ఈయనా సంతకం పెట్టలేదు. కానీ ఈసారి చెల్లి పొలానికొచ్చిన వ్యవసాయ సహాయకురాలి ముందు నిలబడి, సాగు చేస్తున్నది నేను, నా ఫొటో తీసి నా పేరు ఎక్కించు అని పట్టుబట్టింది. అదే పిల్ల, ఆ రోజు నివేదిక రాసినమ్మాయే. ఎక్కించింది.

మొన్న ఆ ఈ-క్రాప్ రసీదు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపింది. పెద్దది చేసి చూశాను. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. సోమవారం వెళ్లి దిద్దించాలి.